ఎర్రరాళ్లగూడ మట్టి

ఈశ్వరయ్య మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచాడు, రెండుసార్లు ఓడాడు. గెలిచినా ఓడినా ఆయన ఉత్తరాలు రాసింది నేనే. నా పేరు రామబ్రహ్మం, మాది భీమవరం పక్కన పల్లెటూరు. స్టెనోగా హైదరాబాద్ వచ్చి, ఆయనకు పీఏగా కుదిరి, ఇరవై ఏళ్లు చేసి, ఇప్పుడు మణికొండలో రెండు గదుల ఫ్లాటులో రిటైరై కూర్చున్నాను. ఆయన నన్ను ‘పంతులూ’ అని పిలిచేవాడు. నేను ఎవరికీ చదువు చెప్పలేదు, ఎవరికీ పెళ్లి చేయించలేదు. వద్దని చెప్పి చెప్పి విసుగొచ్చి పలకడం మొదలుపెట్టాను.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున ఫోను చేశాడు.

"పంతులూ, జర కోకాపేటకు రావాలె. ఒక లెటర్ రాసేదున్నది."

ఓడి ఏడేళ్లయిన మనిషికి ఇంకా ఉత్తరాలేమిటని సణుక్కుంటూనే చొక్కా వేసుకున్నాను. ఆయన పిలిస్తే వెళ్లకుండా ఉండటం నాకు చేతకాదు.

కొడుకు నరేందర్ కోకాపేటలో ఇరవై ఏడో అంతస్తులో ఉంటున్నాడు. ఈశ్వరయ్య, ఆయన భార్య నీలమ్మ కూడా అక్కడే. నీలమ్మకు కాలేయం చెడిపోయింది. పెద్ద దవాఖానలో నెల రోజులు ఉంచుకొని, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. కిటికీ పక్కనే మంచం వేశారు. అక్కడినుంచి చూస్తే అద్దాల ఆఫీసుల మధ్య ఒక కంపెనీ క్యాంపస్, దాని మూల కాస్త పచ్చగా తోట కనిపిస్తాయి. ఆమె రోజంతా అటే చూస్తూ పడుకుంటోంది. నేను లోపలికి వెళ్లగానే, "అయ్యగారూ, మంచిగున్నరా? చాయ్ తాగుండ్రి" అంది. చావుబతుకుల్లో ఉండి కూడా వచ్చినవాడి చాయ్ మరిచిపోని మనిషి ఆమె.

ఈశ్వరయ్య నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లి తలుపు జరిపాడు.

"కంపెనీ మేనేజ్‌మెంట్‌కు రాయి పంతులూ. నీలమ్మను గా తోట మూలకు, బిడ్డ పక్కపొంటి పండవెట్టుకుంటమని. ఆరడుగుల జాగ చాలు. మాజీ శాసనసభ్యుడని పైన రాయి."

నాకు ఒళ్లు మండింది. "కంపెనీ తోటలో శవాన్ని పూడుస్తామంటే ఎవరైనా ఒప్పుకుంటారాండీ? అయినా ఆ మూలన ఎవరున్నారని ఆమెను అక్కడ పెడతారు?"

"మెల్లగ మాట్లాడు," అని ఆయన తలుపు వైపు చూశాడు. ఆయన కళ్లలో భయం కనిపించింది. పోలీసు లాఠీలకు భయపడని మనిషిని అలా చూడటం నాకు కష్టంగా అనిపించింది.

సంగతి ఏమిటో చెప్పాలి. ఖాజాగూడ గుట్టలకు, కోకాపేటకు మధ్య ఎర్రరాళ్లగూడ అని ఊరొకటి ఉండేది. ఇప్పుడు ఆ పేరు ఒక బస్టాపు బోర్డు మీద మాత్రమే ఉంది. ఈశ్వరయ్య ఆ ఊరి సర్పంచి. వాళ్లది చనిపోయినవాళ్లను బొందపెట్టే ఆచారం. ఊరి పడమట రెండెకరాల బొందలగడ్డ ఉండేది. పెద్దవాళ్ల సమాధుల మీద రాళ్లు పాతి, ఏటా దీపావళికి ముందు సున్నం వేసేవారు. చిన్నపిల్లలకు రాయి పెట్టరు. కుక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పుతారు, అంతే.

నీలమ్మకు మొదటి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడో బిడ్డనైనా దక్కించుకోవాలని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెంటమ్మ అని పేరు పెట్టారు. అలాంటి పేరుంటే దేవుడికి ఆశ పుట్టదని వాళ్ల నమ్మకం. ఆ పిల్ల అయిదేళ్లు బతికింది. ఒక వానాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకొని, ఎడ్లబండి మీద మెహదీపట్నం చేరేలోపు తల్లి ఒళ్లోనే పోయింది. ఆ బిడ్డనూ ఆ గడ్డమీదే పెట్టారు. నరేందర్ ఆ తర్వాత పుట్టాడు.

ఇరవై అయిదేళ్ల కిందట ఊరి పడమట భూములు కంపెనీలకిస్తారన్న మాట వచ్చింది. మధ్యలో శ్మశానం ఉంటే స్థలం రెండు ముక్కలవుతుందని, అప్పుడు కంపెనీ ఇంకో ఊరు చూసుకుంటుందని ఎవరో పెద్దమనిషి సర్పంచి చెవిలో వేశాడు. ఈశ్వరయ్య ఊరందరినీ కూర్చోబెట్టాడు. ఈ ఒక్క ఏడు సున్నం వేయొద్దన్నాడు. రాళ్లు పీకి గుట్టల మధ్య పెడదామన్నాడు. భూమి పని కాగానే ఎముకలు తీయించి కొత్త జాగాలో పూజ చేసి పెట్టిస్తానని మాటిచ్చాడు. అందరూ నమ్మారు. పెంటమ్మ మీది ముళ్లకంపను ఆయనే తన చేత్తో లాగేశాడు. సర్వే వాళ్లు వచ్చేసరికి తంగేడు పొదలు, బండలు తప్ప ఏమీ కనబడలేదు. ‘సమాధులు లేవు’ అని కాగితం రాశారు. కింద సర్పంచి సంతకం.

దొంగ అని నేననను. ఊళ్లో కుర్రాళ్లకు ఉద్యోగాలొస్తాయని ఆయన నిజంగా నమ్మాడు. ఊరిని ఒప్పించినవాడిగా పేరొచ్చి పార్టీ టికెట్ వస్తుందని కూడా లెక్క వేసుకున్నాడు. టికెట్ వచ్చింది. ఉద్యోగాలు కూడా వచ్చాయి, గేటు దగ్గర కాపలాకు, తోటలో కలుపు తీయడానికి.

ఆయన మొదటి ఎన్నికల ప్రచారంలో మండుటెండలో తిరుగుతుండగా అక్కడ తవ్వకం మొదలైంది. పరుగెత్తుకుంటూ వెళ్లి, సమాధులు జరిపేదాకా ఆగమన్నాడు. ఏ సమాధులని అడిగి ఆయన సంతకమే ఆయనకు చూపించారు. కింద మూడంతస్తుల పార్కింగ్ కోసం నలభై రోజులు తవ్వారు. ఆయన గెలిచాడు. ఇంటికొచ్చి నీలమ్మతో, మన బిడ్డ ఉన్న మూల ముట్టుకోలేదని, అక్కడ తోట వేస్తున్నారని చెప్పాడు.

అప్పటినుంచి ఏటా పెంటమ్మ పోయిన రోజున మేం ముగ్గురం ఆ క్యాంపస్‌కు వెళ్లేవాళ్లం. గేటులో విజిటర్ పాసు నేనే నింపేవాణ్ణి. ఏ పని మీద వచ్చారన్న గడిలో ‘పర్సనల్’ అని రాసేవాణ్ణి. నీలమ్మ ఒక నందివర్ధనం చెట్టు మొదట్లో ఆకు పరిచి శనగ గుగ్గిళ్లు పెట్టేది. ఆ పిల్లకు గుగ్గిళ్లంటే ప్రాణమట. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు ఫోన్లలో మాట్లాడుకుంటూ పక్కనుంచి పోయేవాళ్లు. ఈశ్వరయ్య మాత్రం ఆ చెట్టు వైపు చూసేవాడు కాదు. అసలు సంగతి నాకు తెలిసిన ఏడు నేనూ చూడటం మానేశాను.

నాకు తెలిసింది ఆయన మూడోసారి గెలిచాక. ఒకరోజు నాతో అసెంబ్లీకి ప్రశ్న రాయించాడు. ఎర్రరాళ్లగూడలో శ్మశానవాటిక ఉండిన మాట వాస్తవమేనా, అయితే అక్కడి అస్థికలను ఎక్కడికి తరలించారు అని. ఊరికి మాటిచ్చి పదిహేనేళ్లు మోశాడు, ఇక మోయలేకపోయాడనుకుంటాను. ఆ రాత్రే నాకు మొత్తం చెప్పాడు. ప్రశ్న నక్షత్ర గుర్తుతో, అంటే సభలోనే జవాబు చెప్పాల్సినదిగా వచ్చింది. సభలో జవాబు కాగితం పంచారు. మొదటిదానికి ‘లేదండి’. రెండోదానికి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’.

స్పీకరు అనుబంధ ప్రశ్న అడగమన్నారు. ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు. సమాధులు ఉన్నాయని చెప్పాలంటే, లేవని తాను పెట్టిన సంతకం దొంగదని ఒప్పుకోవాలి. పైన అధికారుల గ్యాలరీ పక్కన కూర్చొని, ఒప్పుకో మహానుభావా, ఒప్పుకో అని నేను పళ్లు నూరుకుంటున్నాను. ఆయన మైకు సరిచేసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, కూర్చున్నాడు. మర్నాడు ఒక పేపరువాడు ‘నోరు పెగలని ఎమ్మెల్యే’ అని పెట్టాడు. మూడు దఫాల్లో ఆయన వేయించిన బడులు, తెప్పించిన మంచినీళ్లు ఎవరికీ గుర్తులేవు. నాకూ ఆయన పేరు చెప్పగానే ఆ కూర్చోవడమే గుర్తొస్తుంది.

ఇదీ సంగతి. ఇప్పుడు నీలమ్మ, తనను బిడ్డ పక్కన పెట్టమంటోంది. కిటికీలోంచి ఆ తోటను చూసుకుంటూ రోజులు లెక్కపెట్టుకుంటోంది.

"ఉత్తరం రాయనండి," అన్నాను. "లోపలికి వెళ్లి ఆమెకు నిజం చెప్పండి."

"నువ్వు జెప్పు పంతులూ. నీకు మాటలు వస్తయి."

"ఇరవై ఏళ్లు మీ మాటలన్నీ నేనే రాశాను. ఇది మీరే చెప్పాలి. పోయేముందైనా ఆమెను మోసం చేయకండి." కోపం ఆయన మీద ఎంతో, నా మీదా అంతే. ఆ గేటులో పాసులు నింపింది నేనే కదా.

ఆయన రెయిలింగు వదిలాడు. తర్వాత లోపలికి నడిచి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కుర్చీ ఉంది, కూర్చోలేదు.

"నీలా, గా తోటల మన బిడ్డ లేదు," అన్నాడు. "పార్కింగ్ కోసం మొత్తం తవ్విన్రు. బొందలు లేవని సంతకం వెట్టింది నేనే. ఇన్నొద్దులు నీకు అబద్ధం జెప్పిన."

నీలమ్మ కిటికీ మీదినుంచి చూపు తిప్పి ఆయన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరి నేను వెట్టిన గుగ్గిళ్లు ఎవలు తిన్నరు?" అంది.

ఆయన తల వంచుకున్నాడు. గుమ్మంలో నిలబడిన నరేందర్ మొహం తుడుచుకుంటూ అవతలికి పోయాడు. ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

"తవ్విన మట్టి యాడికి వోయింది?"

"నాకెర్క లేదు."

"అడ్గు. ఎమ్మెల్యేవు గదా, గంత మట్టి యాడికి వోయిందో అడ్గవైతివా?"

అది ఎవరికి తెలుస్తుందో ఈశ్వరయ్యకు తెలుసు. సాయిలు అని ఆ ఊరివాడే ఒకడున్నాడు. అప్పట్లో ఉన్న ఎకరం ఇచ్చేసి రెండు టిప్పర్లు కొన్నాడు, ఆ తవ్వకంలో మట్టి తోలాడు. ఇప్పుడు ఖాజాగూడలో నీళ్ల ట్యాంకర్లు నడుపుతున్నాడు. ఫోను చేస్తే మర్నాడు పొద్దున్నే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, మంచం కాళ్ల దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"లింకు రోడ్డుకు వోసినం వదినా," అన్నాడు. "గుట్ట వెనకాల పల్లం ఉండె గదా, రోడ్డు వేయనీకి లేపాలె. గీ మట్టి అంత గాడికే తోలినం. నలభై దినాలు."

"ఎముకలు గనవడలేదా సాయిలూ?"

"మా నాయన గూడ గాడనే ఉండె వదినా. నా లారీలనే వోయిండు. ఏ ట్రిప్పుల వోయిండో నాకెర్కలే. అద్దంల ఎన్కకు చూడకుండ నడిపిన."

ఆ లింకు రోడ్డు ఈశ్వరయ్య పూర్తి చేయించిందే. మొదటి దఫాలో ఆయన చేసిన పెద్ద పని అదే. కొబ్బరికాయ కొట్టి, రిబ్బన్ కత్తిరించి, మేళతాళాలతో ఆ చివరి దాకా నడిచాడు. ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో గోడ మీద ఉంది. సాయిలు మాట వినగానే ఆయన రెండు కాళ్లూ దగ్గరికి ముడుచుకున్నాడు. కాళ్లను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అలాగే ఉండిపోయాడు.

"ఎంత పొడుగుంటది గా రోడ్డు?" నీలమ్మ అడిగింది.

"రెండు కిలోమీటర్లు వదినా."

ఆమె "నన్ను కాల్చుండ్రి," అంది.

నరేందర్ గబగబా లోపలికి వచ్చాడు. "అదేందమ్మా, మనల కాలుస్తరా? కులపోళ్లు ఏమంటరు? రింగు రోడ్డు అవతల మనోళ్లకు బొందలగడ్డకని ఇచ్చిన జాగున్నది, గాడ మంచిగ సమాధి కట్టిస్త."

"బొంద వెడ్తె ఒక్కతావుననే ఉంట బిడ్డా. అది యాడున్నదో ఎర్కలేకపాయె. కాలిస్తే నా బూడిద రోడ్డంత జర జర వోయచ్చు. యాడనో ఒకతాన దొరుకుతది."

ఆ తర్వాత ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఈశ్వరయ్య చేయి మాత్రం వదల్లేదు. ఆయన్ను క్షమించిందా అంటే నాకు తెలియదు. నేనైతే క్షమించేవాణ్ణి కాదు. మంగళవారం మధ్యాహ్నం, నరేందర్ చెంచాతో నీళ్లు పోస్తుండగా పోయింది.

కులపెద్దలు వచ్చారు, ఆచారం చెప్పారు, కోపగించుకున్నారు. ఈశ్వరయ్య ఎవరితోనూ వాదించలేదు. "ఆమె చెప్పింది," అన్నాడు. పార్టీవాళ్లు దండలు తెచ్చారు. కండువా కప్పబోతే ఆయన చేత్తో అడ్డం పెట్టాడు. కాల్చడం వాళ్లింట్లో ఎవరికీ అలవాటు లేని పని. చితికి నిప్పు ఎటువైపు పెట్టాలో నరేందర్‌కు నేనే చెప్పాల్సి వచ్చింది.

మూడో రోజు పొద్దున ఏడింటికి లింకు రోడ్డు మొదట్లో నిలబడ్డాం. బూడిద కుండ ఈశ్వరయ్య చేతుల్లో ఉంది. రోడ్డు మధ్య డివైడరులో కాగితం పూల చెట్లు, పచ్చగడ్డి. వాటికి నీళ్లు పోసే పని సాయిలు ట్యాంకరుదే. అందుకని అతను ట్యాంకరు తెచ్చి, వెనక లైట్లు వెలిగించి, మా పక్కనే మెల్లగా నడుపుతానన్నాడు. ట్రాఫిక్ పోలీసు చూసినా నీళ్లు పోస్తున్నామనుకుంటాడు.

ఈశ్వరయ్య డివైడరు ఎక్కాడు. మొదటి చెట్టు దగ్గర గుప్పెడు తీసి మొదట్లో వేశాడు. సాయిలు పైపు పట్టాడు. నీళ్లతో పాటు బూడిద మట్టిలోకి దిగింది. రెండో చెట్టు దగ్గర మళ్లీ గుప్పెడు. "కొంచెం కొంచెం వేయండి, దూరం చాలా ఉంది," అన్నాను. వినలేదు. "గీడ గూడ ఉండచ్చు పంతులూ," అంటూ మోకాళ్ల మీద వంగి ప్రతి చెట్టుకూ గుప్పెడేశాడు. డెబ్బై ఒక్కేళ్లు ఆయనకు. లేచినప్పుడల్లా నా భుజం పట్టుకునేవాడు.

తొమ్మిదయ్యేసరికి ఆఫీసు కార్లు నిండిపోయాయి. ట్యాంకరు ఒక వరస ఆపేసిందని హారన్లు మొదలయ్యాయి. ఒకమ్మాయి అద్దం దించి, "అంకుల్, పీక్ అవర్‌లో ఈ పనేంటండీ?" అని కోప్పడి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆయన మాత్రం ఆమె కారు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఓట్లకోసం లక్షసార్లు జోడించిన చేతులే, కానీ ఆ వేళ వేళ్ల నిండా బూడిద ఉంది.

కిలోమీటరున్నర దగ్గర కుండ అడుగు తేలింది. ఆయన కుండను బోర్లించి అరచేత్తో తట్టాడు. వేలు పెట్టి లోపల గీకాడు. గోటికి అంటినంత వచ్చింది. దాన్ని ఒక చెట్టుకు రాసి, తలెత్తి ముందున్న రోడ్డును చూశాడు.

"పంతులూ, ఇంక గింత రోడ్డున్నది. బిడ్డ గా కొసకు ఉంటే ఎట్ల?"

సాయిలు పైపు వదిలేసి ట్యాంకరు చక్రానికి ఆనుకొని ఏడుస్తున్నాడు. నీళ్లు ఊరికే రోడ్డు మీద పారుతున్నాయి. ఈశ్వరయ్య ఖాళీ కుండను చంకన పెట్టుకొని, ఈసారి నా భుజం కోసం చేయి చాచకుండా ఒక్కడే ముందుకు నడిచాడు. మిగిలిన ప్రతి చెట్టు దగ్గరా ఆగి, వంగి, ఆ హారన్ల మధ్య మట్టితో చెబుతూ పోయాడు.

"పెంటమ్మా, మీ అమ్మ వచ్చింది. గా చెట్టు దాంక వచ్చి ఆగిపోయింది. నువ్వే జర ముంగటికి రా బిడ్డా."